పీసీఎం 1681: బావ ఇంటి 7.1కి పెట్టిన ఎనిమిది చానళ్ల చిప్పు

విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో నాది ఆంప్లిఫయర్లు బాగుచేసే చిన్న షాపు. మా బావ ఇంట్లో 7.1 పెట్టమన్నాడు. ఏడు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్, వెరసి ఎనిమిది చానళ్లు. నాలుగు స్టీరియో బోర్డులు పెట్టి వైర్లతో తంటాలు పడటం ఎందుకని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల పీసీఎం 1681 తెప్పించాను. ఇది డాక్ చిప్పు, అంటే డిజిటల్ పాటని ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది.

డేటాషీటు మొదటి పేజీలోనే 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని ఉంటుంది. అది చూసి మురిసిపోకండి. బిట్టుకి 6 డెసిబెల్స్ చొప్పున 24 బిట్లకి డైనమిక్ రేంజి (అతి సన్నటి, అతి పెద్ద శబ్దాల మధ్య తేడా) 144 రావాలి. దీని డైనమిక్ రేంజి 105. అంటే నికరంగా చేసేది 17 బిట్ల పని. తక్కువేం కాదు, సీడీలో ఉండేవి 16 బిట్లే.

ఇదే కంపెనీ 1690కి 113 ఉంది. నాకూ మనసు లాగింది. కానీ దాని అవుట్‌పుట్ డిఫరెన్షియల్. చానల్‌కి రెండు కాళ్లు, వాటిని ఒకటి చేయడానికి ఒక ఆప్‌ఆంప్ (చిన్న ఆంప్లిఫయర్ చిప్పు). ఎనిమిదింటికీ లెక్కేసుకుంటే బోర్డంతా అవే. పైగా 48 కాళ్ల చిప్పు, నా కళ్లకి అంత ఓపిక లేదు. 1681కి 28 కాళ్లే, చానల్‌కి ఒకటే అవుట్‌పుట్. కప్లింగ్ కెపాసిటర్ వేసి, చిన్న ఫిల్టర్ పెట్టి ఆంప్లిఫయర్‌కి ఇచ్చేశాను.

చిప్పు కడుపు కింద ఒక మెటల్ ప్యాడ్ ఉంది. మామూలు సోల్డరింగ్ ఐరన్ అక్కడికి చేరదు. వేడిగాలితో సోల్డర్ కరిగించే హాట్ ఎయిర్ గన్ లేనివాళ్లు తయారు బోర్డు కొనుక్కోవడం మేలు. మొదటి చిప్పు నా చేతుల్లోనే మాడిపోయింది.

షాపులో బాగానే పాడింది. బావ ఇంట్లో రాత్రి పది దాటి ఊరు సద్దుమణిగాక అసలు సంగతి బయటపడింది. పాట ఆపితే స్పీకర్లలోంచి కీచుమని సన్నటి శబ్దం. "ఏట్రా, లోపల కీచురాయి దూరిందేటి?" అన్నాడు బావ. నేను చిప్పునే తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. అనలాగ్ వైపుకి 5 వోల్టులు, డిజిటల్ వైపుకి 3.3 వోల్టులు కావాలి. రెండూ ఒకే స్విచింగ్ అడాప్టర్ నుంచి లాగేశాను. అనలాగ్‌కి విడిగా 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, 7805 రెగ్యులేటరు పెట్టి, గ్రౌండ్లు ఒక్కచోటే కలిపాక కీచురాయి పోయింది. సప్లైకి పిసినారితనం చేస్తే 105 అయినా 113 అయినా కాగితం మీదే ఉంటుంది.

ఒక లోటు ఉంది. ఫుల్ అవుట్‌పుట్ 3.75 వోల్టులు, అదీ పీక్ టు పీక్, అంటే అల పై కొస నుంచి కింది కొస దాకా. ఆర్‌ఎంఎస్‌లో, అంటే మీటరు చూపించే లెక్కలో, 1.3 చిల్లర. సీడీ ప్లేయర్లు సాధారణంగా 2 ఇస్తాయి, కాబట్టి పాత ఆంప్లిఫయర్‌తో వాల్యూమ్ కాస్త డల్‌గా అనిపించింది. ఆంప్లిఫయర్‌లో గెయిన్ పెంచుకున్నాను. ప్రతి చానల్ వాల్యూమ్ చిప్పులోనే విడివిడిగా తగ్గించుకోవచ్చు. అది మాత్రం భలే పనికొచ్చింది, ఎందుకంటే బావ వాళ్ల సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంది. వెనక స్పీకర్లు సరిగ్గా చెవి పక్కనే. వాటిని 6 డెసిబెల్స్ దించాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ కడుపు కింద ప్యాడ్‌కే.