పదకొండో పూస: ఆన్‌లైన్ జపమాల, మన నల్లగొండ కొట్టు జపమాల

జపమాలకు (మన క్యాథలిక్కుల రోజరీకి) కూడా రివ్యూ రాస్తారా అని మా ఆయన నవ్వాడు. చార్జర్‌కి రాస్తాం, చెప్పులకి రాస్తాం, రోజూ రాత్రి అరగంట చేతిలో ఉండే వస్తువుకి ఎందుకు రాయకూడదు? నేను కొనేముందు ఎంత వెతికినా ఒక్కరూ పనికొచ్చే ముక్క రాయలేదు, ఐదు స్టార్లు పెట్టి "నైస్ ప్రాడక్ట్, ప్రైజ్ ద లార్డ్" అని వదిలేశారు. పూసలు ఎంత లావున్నాయి, తీగ ఎన్నాళ్ళు ఆగింది, లెక్క సరిగ్గా ఉందా, ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. డబ్బులు పోగొట్టుకున్నాను కాబట్టి నేనే చెప్తున్నా.

కొన్నది మా అత్తమ్మ కోసం. ఆమెది మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరం. మోకాళ్ళు ఎలాగూ పట్టేశాయి, వేళ్ళ కణుపులు కూడా బిగుసుకుపోయి పొద్దున లేవగానే పిడికిలి పూర్తిగా మూయలేదు. అయినా రాత్రి జపమాల మానదు. ఆమె పాత జపమాల విజయవాడ గుణదలలో కొన్నది. ఫిబ్రవరి 9, 10, 11 తారీఖుల్లో అక్కడ మరియమాత తిరునాళ్ళ జరుగుతుంది కదా, కొండ కింద వరసగా వేసిన దుకాణాల్లో ఒకదాంట్లో మా మామయ్య బతికున్నప్పుడు కొనిచ్చాడట. తెల్ల ప్లాస్టిక్ పూసలు, చీకట్లో కొంచెం పచ్చగా మెరిసేవి. చేతి చెమటకి పసుపుపచ్చగా అయిపోయి, నాలుగు చోట్ల కుట్టుదారంతో కట్టుకొని వాడుతుంటే పోయిన సెప్టెంబరు ఆఖర్లో ఇక కట్టడానికి కూడా లేకుండా తెగింది.

టైం చూడండి. అక్టోబరంటే జపమాల మాసం. మా వాడలో రోజుకొక ఇంటికి మరియమాత స్వరూపాన్ని తీసుకెళ్ళి సాయంత్రం అందరం కూర్చొని జపమాల చెప్తాం, చివర్లో ఆ ఇంటివాళ్ళు చాయ్, బిస్కెట్లు పెడతారు. మా ఇంటి వంతు సరిగ్గా 7వ తారీఖున పడింది. అది జపమాల మాత పండుగ రోజు. 1571లో లెపాంటో దగ్గర సముద్రం మీద క్రైస్తవ సేనలు తురుష్కులతో యుద్ధం గెలిచింది ఆ తారీఖునే, దాని గుర్తుగా ఈ పండుగ వచ్చిందని ఫాదర్ ఏటా ప్రసంగంలో చెప్తారు. అలాంటి రోజున అత్తమ్మ ముడులేసిన జపమాలతో ముందు కూర్చుంటే బాగుండదని నాకు టెన్షన్. పండుగ కన్నా వచ్చేవాళ్ళ చూపు గురించే ఎక్కువ ఆలోచించానని ఒప్పుకుంటున్నా.

ఫోన్‌లో వెతికి 449 రూపాయలది ఆర్డర్ పెట్టాను. క్రిస్టల్ పూసలు, ఇటలీ డిజైన్, వెల్వెట్ సంచీ. మొత్తం 59 పూసలు అని రాసుంది. అత్తమ్మకి చదివి వినిపిస్తే "యాభై తొమ్మిదేంది? జపమాలంటే యాభై మూడు పూసలు కదనే" అంది. ఇద్దరిదీ కరెక్టే. మంగళవార్త జపం (మరియమ్మకి చెప్పేది) చెప్పే చిన్న పూసలు యాభై మూడు: సిలువ పక్కన మూడు, చుట్టూ పదేసి చొప్పున ఐదు వరసలు. పరలోక జపం ("పరలోకమందున్న మా తండ్రీ") చెప్పే పెద్ద పూసలు ఇంకో ఆరు. మన ఊళ్ళలో చిన్నవాటినే లెక్కపెట్టి యాభై మూడు పూసల జపమాల అంటారు, అమ్మేవాడు అన్నీ కలిపి చెప్తాడు. కొత్తగా కొనేవాళ్ళు ఇక్కడ కంగారుపడకండి.

సెప్టెంబరు 29న వచ్చింది. చూడటానికి నిజంగా బాగుంది, నీలం రంగు, బల్బు కింద పెడితే గోడ మీద చుక్కలు పడుతున్నాయి. అత్తమ్మ ముద్దుపెట్టుకొని దాచిపెట్టింది, వంతు రోజే తీస్తానని. అదే మా కొంప ముంచింది.

జపమాలలో ఒక్కో పది పూసలకి యేసు, మరియమ్మల జీవితంలోని ఒక్కో సంఘటనని ధ్యానిస్తాం, వాటినే దేవరహస్యాలంటాం. 7వ తారీఖు మంగళవారం, అంటే యేసు బాధల మీద ఉండే దుఃఖ దేవరహస్యాలు. ఇంట్లో ఇరవై ఐదు మంది దాకా ఉన్నారు. అత్తమ్మ ముందు సగం చెప్తుంది, "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని, మిగతావాళ్ళు "పరిశుద్ధ మరియమ్మా" అని అందుకుంటారు. మొదటి రెండు రహస్యాలు నడిచాయి. మూడోది, యేసు తలకి ముళ్ళ కిరీటం పెట్టినది. పది మంగళవార్తలు అయిపోయాయి, అందరూ పది అయ్యాక చెప్పే త్రిత్వ స్తోత్రానికి రెడీగా ఉంటే అత్తమ్మ ఇంకొకటి మొదలుపెట్టింది. జనం కూడా అలవాటు కొద్దీ అందుకున్నారు. అది అయ్యాక ఆగిపోయింది. కళ్ళు తెరవలేదు, బొటనవేలితో పూస మీద పూస తడుముకుంటూ వెనక్కి వెళ్ళింది. ఎవరో పెద్దావిడ "ఏమైందక్కా, పాణం మంచిగ లేదా" అని అడిగింది కూడా. అప్పుడు కళ్ళు తెరిచి నా వైపు తిరిగి, "బిడ్డా, గిది పదకొండుంది" అంది.

జపం అయ్యాక ట్యూబులైటు కింద లెక్కపెట్టాను. పది, పది, పదకొండు, పది, తొమ్మిది. సిలువ పక్కన మూడు, పెద్దవి ఆరు కలిపి మొత్తం కూడితే 59 కరెక్టుగా వస్తుంది!

ఇదేదో చిన్న విషయంలా కనబడొచ్చు. కానీ అసలు పూసలెందుకు? మనసు ఆ సంఘటన మీద, ఆ తల్లీకొడుకుల మీద ఉండాలి, లెక్క సంగతి వేళ్ళు చూసుకుంటాయి, అందుకే కదా. నోరు జపం చెప్తుంటుంది, వేలు పదో పూస దాటగానే ఖాళీ తగులుతుంది, పెద్ద పూస తగులుతుంది, అప్పుడు తరువాతి రహస్యంలోకి వెళ్తాం. ఆ ఖాళీ ఒక్క పూస పక్కకి జరిగితే మనిషి ముళ్ళ కిరీటాన్ని వదిలేసి లెక్కల్లో పడతాడు. చెయ్యాల్సిన ఒక్క పని చెయ్యని జపమాల 449 అయినా, నాలుగు వేలైనా ఒకటే.

కంపెనీవాళ్ళకి చాట్‌లో రాశాను, ఫోటో పెట్టాను. "మొత్తం 59 పూసలు ఉన్నట్టు నిర్ధారించాం మేడం" అని జవాబు. రిటర్న్‌కి ఏడు రోజులేనట, ఎనిమిదో రోజు రాశాను. పైగా ఇంకో వారానికే ఒక కొక్కెం తెరుచుకుంది. దగ్గరగా చూస్తే ఎక్కడా అతుకు లేదు, సన్న తీగని గుండ్రంగా వంచి నొక్కి వదిలేశారు, అత్తమ్మ కొంగు పోగు చిక్కుకుంటే విడిపోతుంది. పూసలు ఆరు మిల్లీమీటర్లు, ఆ వేళ్ళకి పట్టు దొరకడం లేదు. ఒక్క స్టారు, అదీ వెల్వెట్ సంచీకి. దాంట్లో ఇప్పుడు అత్తమ్మ మందుబిళ్ళలు పెట్టుకుంటోంది.

ఇక కొట్టు సంగతి. నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గర దిగి నడిచే దూరంలోనే, గుడి వైపు పోయే సందులో. బోర్డు కూడా సరిగ్గా కనబడదు, బయట పూలదండలు, మైనం వత్తులు వేలాడుతుంటే అదే. లోపల ఒక పెద్దాయన. మన నల్లగొండ మేత్రాసనం (బిషప్‌గారి కింద ఉండే ప్రాంతం) 1976లో ఏర్పడింది కదా, ఆ తరువాత కొన్నేళ్ళకే వాళ్ళ నాయన ఈ కొట్టు పెట్టాడట. నేను "పెద్ద జపమాల కావాలన్నా" అన్నా. ఆయన తియ్యకుండా అడిగిన మాటలు: "ఎవలికమ్మా? కూసొని చెప్తదా, పండుకొనా? వేళ్ళు మంచిగ వంగుతయా?" వంగవు అన్నా. అప్పుడు లోపలి డబ్బాలోంచి చెక్క పూసలది తీశాడు, రేగి గింజంత లావు, పది మిల్లీమీటర్లట. తీగ కాదు, గట్టి నైలాన్ దారం, పూసకీ పూసకీ మధ్య ముడి. పెద్ద పూసలు అటూ ఇటూ కొంచెం ఎడం ఇచ్చి ఉన్నాయి, కళ్ళు మూసుకున్నా తెలిసిపోతుంది. నా ముందే ఒక్కో వరస వేలితో లెక్కపెట్టి చూపించాడు. నేను ఆన్‌లైన్ కథ చెప్పేసరికి, నెలకి ఇద్దరు ముగ్గురు ఇలాగే పట్టుకొస్తారని నవ్వాడు. 120 రూపాయలు.

వేలికి పెట్టుకునే ఉంగరం జపమాల కూడా చూపించాడు, ఒక్క పదే ఉంటుంది, బస్సులో పోయేవాళ్ళకి బాగుంటుంది. అత్తమ్మ కణుపు దాటి ఎక్కదు, వద్దన్నా.

అక్కడ నచ్చనివీ ఉన్నాయి. చెక్క మీద వార్నిష్ కొత్తలో అంటుకుంటుంది, మొదటి వారం అత్తమ్మ వేళ్ళు గోధుమరంగుకి తిరిగాయి, వాసన కూడా. సిలువ మరీ తేలిక, దాని మీద యేసు ప్రతిమ అచ్చు సరిగ్గా పడలేదు, ముఖం లేదు. మధ్యాహ్నం షట్టర్ వేసేస్తాడు, ఎప్పుడు తీస్తాడో ఆయనకే తెలియాలి, నేను దేవరకొండ నుంచి వచ్చిన ఒక సిస్టరుతో పాటు నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డా. ఫోన్‌పే ఉంది కానీ స్కానర్ స్టిక్కర్ ఎండకి వెలిసిపోయి పట్టదు, క్యాష్ తీసుకెళ్ళండి.

ప్రార్థన పుస్తకం కొనేవాళ్ళకి ఒక మాట. అక్కడ పాత అచ్చువి కూడా ఉన్నాయి, వాటిలో పదిహేను దేవరహస్యాలే: సంతోష, దుఃఖ, మహిమ. 2002లో రెండో జాన్ పాల్ పోపుగారు వెలుగు రహస్యాలు ఐదు కలిపారు, అప్పటినుంచి ఇరవై. గురువారం వెలుగువి, సంతోషవి సోమ, శనివారాలు. తెరిచి గురువారం పేజీ చూసి కొనండి. మా అత్తమ్మ పాత పద్ధతిలో నేర్చుకుంది, ఇప్పటికీ పరధ్యానంగా ఉంటే గురువారం సంతోష రహస్యాలు మొదలుపెడుతుంది. కానీ వెలుగువాటిలో కానా పెళ్ళి అంటే ఆమెకి ప్రాణం. ద్రాక్షారసం అయిపోయిందని మగవాళ్ళెవరూ కనిపెట్టలేదు, మరియమ్మ కనిపెట్టి కొడుక్కి చెప్పింది, పెళ్ళింట్లో కూర సరిపోదని ముందు తెలిసేది ఆడవాళ్ళకే అంటుంది.

ఫోన్‌లో ఆడియో జపమాల పెట్టి చూశాను, పూసలు అక్కర్లేదని. ఆమెకి నచ్చలేదు. వాళ్ళు రైలు పట్టుకోవాలన్నట్టు చెప్తున్నారట. మధ్యలో బంగారం లోన్ యాడ్ వచ్చేసరికి తీసెయ్యమంది.

పక్కింటి అక్క వేరే సంఘానికి వెళ్తుంది, కొత్త జపమాల చూసి "మరియమ్మని పూజించొద్దు కదా వదినా" అని మొదలుపెట్టింది. ఆ వాదన ఇక్కడొద్దు. అత్తమ్మ మటుకు, "సగం మాటలు గాబ్రియేలు దూతవి, ఎలిసబెత్తువి, లూకా మొదటి అధ్యాయంల ఉన్నయి సూడు, మిగిలిన సగం మా కోసం పార్థించమ్మా అని అడుగుడు, నిన్ను అడగనా నేను?" అని చాయ్ ఇచ్చింది.

కొట్టాయన ఇంకో సంగతి చెప్పాడు. మంత్రించినవి అమ్మరు, కొన్నాక ఫాదర్ దగ్గరికి మనమే తీసుకెళ్ళాలి. పాతది చెత్తబుట్టలో వెయ్యొద్దు, మట్టిలో పెట్టాలి. గుణదలది పెరట్లో మల్లెచెట్టు మొదట్లో పెట్టాం, మా పాప గుంట తవ్వింది.

ఇప్పుడు మే నెల. ఏడు నెలలు దాటింది. మధ్యలో ఫిబ్రవరిలో గుణదల వెళ్ళొచ్చింది, కొండ మెట్ల మీద తోపులాటలో ఎవరిదో సంచీకి చిక్కుకొని గట్టిగా గుంజుకుంది, తెగలేదు. దారం ఎక్కడా వదులు కాలేదు. సిలువ ఒక్కటి ఊడితే మళ్ళీ పట్టుకెళ్ళాను, ఇరవై రూపాయలకి బరువైనది వేసిచ్చాడు, దీనికి ముఖం ఉంది. నాలుగు స్టార్లు. ఐదోది షట్టర్ టైం సరిచేసుకుంటే ఇస్తా.

నిన్న పడుకునేముందు చేతిలోకి తీసుకొని చూశాను. మొదటి రెండు వరసల పూసలు నూనె రాసినట్టు నల్లగా నిగనిగలాడుతున్నాయి, మూడోది పరవాలేదు. నాలుగు, ఐదు వరసలు మాత్రం కొట్లో కొన్న రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అత్తమ్మకి చూపిస్తే, "పొద్దంతా పని చేసినోళ్ళకు నిద్ర రాదా?" అని లాక్కొని దిండు కింద పెట్టుకుంది.