కాంటర్‌బరీలో పాత ఇటుకల వెంట రెండు రోజులు

ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ వెళ్లొచ్చిన వారంతా అక్కడి కేథడ్రల్ (పెద్ద చర్చి) కబుర్లే చెబుతారు. నన్ను లాగింది వేరే సంగతి: రోమన్లు వదిలేసిన ఊరు మళ్లీ ఎలా లేచిందన్నది.

లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్ నుంచి రైలులో గంట ప్రయాణం. పాత ఊరి ప్రాకారం లోపల ఒక పాతకాలపు ఇంట్లో గది తీసుకున్నాను. ఇరుకు చెక్కమెట్ల మీద పెట్టె మోయడానికి ప్రాణం పోయింది, వేడినీళ్లు పేరుకే వేడి. అయినా అన్నీ నడక దూరమే కాబట్టి మళ్లీ అక్కడే దిగుతాను.

ముందు బుచరీ లేన్‌లోని రోమన్ మ్యూజియం చూడండి. మెట్లు దిగి వెళితే రోమన్ ఇంటి చిత్రాల గచ్చు కనిపిస్తుంది. అప్పటి నేల అంత కిందకు పోయింది. అయిదో శతాబ్దంలో రోమన్ పాలన పోయాక ఊరు పాడుబడింది. తరువాత సముద్రం దాటి ఉత్తర ఐరోపా నుంచి వచ్చిన ఆంగ్లో-శాక్సన్లు ఆ శిథిలాల మధ్యే నేలలోకి గుంట తవ్వి గుడిసెలు వేసుకున్నారు. గీత గీసినట్లుండే రోమన్ వీధులు మట్టిలో కలిశాయి. ప్రాకారం, ద్వారాలు మాత్రం నిలిచాయి. జనం ద్వారం నుంచి ద్వారానికి తమకు తోచినట్లు నడిచారు. నేటి వంకర సందుల్లో తిరుగుతుంటే ఆ నడకే గుర్తొచ్చింది. ఊరికి పేరూ మారింది: ‘కాంత్‌వారబుర్హ్’, అంటే కెంట్ (ఈ ప్రాంతం పేరు) ప్రజల కోట.

కేథడ్రల్ టికెట్టు ఖరీదెక్కువ. కట్టడం గొప్పదే, కానీ శాక్సన్ల నాటి చర్చి పునాదులు గచ్చు కిందే ఉన్నాయి, కంటికి ఆనవు. ఆ కాలం కోసమే వచ్చినవారు సెయింట్ అగస్టీన్ మఠం శిథిలాలకు ఎక్కువ సమయం ఉంచుకోవాలి. క్రైస్తవ మత ప్రచారకుడు అగస్టీన్ 597లో రోమ్ నుంచి వచ్చాడు, కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ చోటిచ్చాడు. ఆవరణలోని చిన్న సెయింట్ పాంక్రాస్ చర్చి గోడల్లో ఎక్కువగా ఉన్నవి రోమన్ ఇటుకలే. కొత్తగా కాల్చే పని లేకుండా పాడుబడ్డ ఊరే ఇటుకలిచ్చింది.

అక్కడి నుంచి కాస్త ఎగువకు నడిస్తే సెయింట్ మార్టిన్ చర్చి. మొదటి రోజు తలుపు వేసి ఉంది. తెరిచే వేళలు తక్కువ, ముందే చూసుకోండి. మర్నాడు లోపలికి వెళ్లాను. అగస్టీన్ రాకముందే ఎథెల్‌బర్ట్ భార్య, రాణి బెర్తా ప్రార్థించిన చోటిది. ఇప్పటికీ ఆరాధన జరుగుతోంది. వేదిక పక్క గోడలో పలుచని ఎర్ర ఇటుకలను వేలితో తాకి చాలాసేపు నిలబడ్డాను. లోపల నేను తప్ప ఎవరూ లేరు.