సెలవా, ప్రాజెక్ట్ మార్పా, పేపర్స్ పెట్టేయడమా?

రాత్రి పదిన్నర దాకా క్లయింట్ కాల్, పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ స్టాండప్ మీటింగ్. ఎనిమిది రోజులు పడుతుందని నేనిచ్చిన ఎస్టిమేట్‌ని మేనేజర్ నాలుగు చేసి క్లయింట్‌కి మాటిచ్చేశాడు. హైదరాబాద్ ఐటీలో ఇలా ఏడాది నలిగినవాడికి తోచే దారులు ఈ మూడే: సెలవు, ప్రాజెక్ట్ మార్పు, పేపర్స్ పెట్టేయడం, అంటే రాజీనామా.

నేను ముందు సెలవే పెట్టాను. పది రోజులు ఊరెళ్ళాను. నాలుగో రోజుకి గానీ సరిగ్గా నిద్ర పట్టలేదు, అమ్మ పెట్టిన పప్పుచారు రుచి అప్పటికి గానీ తెలియలేదు. తిరిగొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే నా పేరు మీదున్న పదకొండు టికెట్లూ, అంటే నాకప్పగించిన పనులు, ఎక్కడివక్కడే ఉన్నాయి. డెడ్‌లైన్లూ మారలేదు. వారం తిరక్కుండా మళ్ళీ అదే తలనొప్పి. పనితో ఇలా నలిగిపోవడాన్నే బర్నౌట్ అంటారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుల్లో కలపలేదు, ఎడతెగని పని ఒత్తిడిని సరిగ్గా సర్దుబాటు చేయకపోవడం వల్ల వచ్చే పరిస్థితి అంది. సెలవు ఒంటి అలుపు తీర్చగలదు కానీ ఎనిమిదిని నాలుగు చేసే లెక్కను మార్చలేదు కదా!

పేపర్స్ పెట్టేస్తే ఆ రోజు ప్రాణం హాయిగానే ఉంటుంది. చాలా కంపెనీల్లో నోటీస్ 90 రోజులు. చేతిలో ఆఫర్ లేకపోతే ఈఎంఐ గుర్తొస్తుంది. కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలుంటే ఆఖరి రోజుతో ఆ కవరూ పోతుంది. అయినా నిద్ర పూర్తిగా పోయి, ఆదివారం సాయంత్రమే గుండె దడ మొదలవుతుంటే ఇవేవీ లెక్కపెట్టకండి, ముందు డాక్టర్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

అంతదాకా రానివాళ్ళకి నా ఓటు ప్రాజెక్ట్ మార్పుకే. చిక్కల్లా రిలీజ్, అంటే పాత ప్రాజెక్ట్ నుంచి వదిలే అనుమతి, ఇవ్వాల్సింది ఆ మేనేజరే కావడం. పనిచేసేవాణ్ణి ఎవరు వదులుకుంటారు? అందుకే నేను నోటితో అడగడం మానేసి మెయిల్ పెట్టాను: "నాలుగు రోజుల్లో ఈ మూడు టికెట్లలో రెండే అవుతాయి. ఏ రెండు కావాలో చెప్పండి." రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఒక టికెట్ పక్కకెళ్ళింది. అలాంటి మెయిల్స్ నాలుగైదు పోగయ్యాక, వాటిని జతచేసి రిలీజ్ అడిగాను.

రావడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా రెజ్యూమె కూడా సరిచేసి పెట్టుకున్నాను. అది ఇంకా డెస్క్‌టాప్ మీదే ఉంది.