ఇంగ్లండ్‌లో గురి నేర్చుకోవాలంటే: ఊరి రైఫిల్ క్లబ్బా, డబ్బు కట్టి కాల్చే మైదానమా?

ఇక్కడికి వచ్చి స్థిరపడిన మనవాళ్లు కలిసినప్పుడల్లా అడుగుతుంటారు: "తుపాకీ కాల్చడం నేర్చుకోవాలని ఉందండీ, ఎక్కడ చేరమంటారు?" నేను నాలుగేళ్లుగా ఒక ఊరి రైఫిల్ క్లబ్బులో సభ్యుణ్ణి. అంతకు ముందు, గాలిలోకి విసిరే పెంకులను కాల్చే క్లే మైదానాల్లో బాగానే డబ్బు పోశాను. నా మొగ్గు ఎటో దాచుకోను.

ముందు క్లే మైదానం. ఫోన్ చేసి సమయం తీసుకుని వెళ్తే చాలు. శిక్షకుడు షాట్‌గన్‌ను భుజానికి ఎలా ఆనించాలో చూపిస్తాడు. యంత్రం విసిరిన నారింజ రంగు పెంకు గాలిలో పొడిపొడి అయినప్పుడు పెద్దవాళ్లు కూడా పిల్లల్లా గంతులేస్తారు. పోలీసు ఆమోదం ఉన్న మైదానమైతే సొంత లైసెన్సు లేకపోయినా అక్కడ కాల్చవచ్చు. ఆ వెసులుబాటు 1968 నాటి తుపాకుల చట్టంలోనే ఉంది. ఊరి నుంచి బావమరిది వచ్చినప్పుడు ఒక పూట గడపడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. కాకపోతే తూటాకు, పెంకుకు, శిక్షకుడి గంటకు విడివిడిగా బిల్లు ఆటో మీటరు తిరిగినట్టు తిరుగుతుంది. నేనక్కడ ఒక్క గంటకు కట్టిన డబ్బుతో క్లబ్బులో రెండు మూడు నెలలు గడిచిపోతాయి.

క్లబ్బు తలుపు మాత్రం అంత తేలిగ్గా తెరుచుకోదు. హోం ఆఫీసు ఆమోదం ఉన్న క్లబ్బులో కొత్తవారికి కనీసం మూడు నెలల ప్రొబేషన్ ఉంటుంది. ఆ కాలమంతా క్రమం తప్పకుండా రావాలి. అనుభవజ్ఞులు పక్కన లేకుండా కాల్చడానికి వీల్లేదు. దరఖాస్తు పెట్టిన సంగతి పోలీసులకు తెలియజేస్తారు. మూడేళ్లు, ఆపైన జైలుశిక్ష పడినవారికి తుపాకీ జీవితాంతం నిషేధం కాబట్టి, అలాంటిదేమీ లేదని సంతకం కూడా చేయాలి. నేను మొదట పంపిన ఈ-మెయిలుకు పది రోజులకు గానీ జవాబు రాలేదు. కోపం వచ్చింది. తరవాత తెలిసింది, కార్యదర్శి పగలంతా ఉద్యోగం చేసుకుని, రాత్రి భోజనం అయ్యాక ఉత్తరాలు చూసుకునే మనిషని. అక్కడ జీతం తీసుకునేవారు ఒక్కరూ లేరు.

చౌకకు కారణం అదే. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం సాగుతున్న రోజుల్లో, సామాన్యుడికి గురి నేర్పాలని 1901లో శ్రామికుల రైఫిల్ క్లబ్బుల సంఘం పుట్టింది. ఈనాటి జాతీయ స్మాల్‌బోర్ (సన్నని గొట్టం) రైఫిల్ అసోసియేషన్‌కు మూలం అదే. మా క్లబ్బులో ఇప్పటికీ ఆ వాసన పోలేదు.

నా మొదటి కార్డు ఇంకా దాచుకున్నాను. 25 గజాల దూరంలో ఒక అట్ట, దాని మీద పది చిన్న నల్లని గురులు, ఒక్కోదానికి ఒక్క తూటా, మొత్తం 100 మార్కులు. నాకు 61 వచ్చాయి. పక్క చాప మీద బోర్లా పడుకుని కాలుస్తున్న పెద్దాయన తన రైఫిల్ పక్కన పెట్టి, నా ఎడమ మోచేతిని అంగుళం లోపలికి జరిపించి, ఊపిరి సగం వదిలి ఆగమన్నాడు. తరవాతి కార్డు 74. ఆ పాఠానికి ఎవరూ బిల్లు వేయలేదు. లీగు పోటీలు మరీ విచిత్రం: ఎవరి రేంజిలో వారు కాల్చి, కార్డులు మార్కులు లెక్కపెట్టేవారికి పోస్టులో పంపుతారు. రెండేళ్లుగా నా ప్రత్యర్థి ఒకాయన ఉన్నాడు, ముఖం ఎలా ఉంటుందో తెలియదు.

ప్రతిఫలంగా మన సమయం ఇవ్వాలి. చివర్లో కాల్చిన తూటాల ఇత్తడి తొడుగులు ఊడ్చి డబ్బాలో పోయాలి, చట్రాలకు కొత్త అట్ట బిగించాలి, టీ వంతు తప్పించుకోకూడదు. తూటాల్లో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడగనిదే బిస్కెట్ ముట్టనివ్వరు, మా అమ్మమ్మ వంటింట్లోలాగే. చలికాలంలో హీటరు పేరుకే ఉంటుంది. తాళంచెవి ఉన్నాయనకు జ్వరం వస్తే ఆ రాత్రి కాల్పులు లేనట్టే. వారానికి రెండే సాయంత్రాలు తెరుస్తారు. ఒక్క ఆదివారమే తీరిక దొరికే ఉద్యోగమైతే క్లబ్బు మీకు పనికిరాదు.

సొంత రైఫిల్ కొనాలనుకుంటే క్లబ్బా, మైదానమా అని ఎంచుకోవడానికేమీ మిగలదు. తుపాకీ సర్టిఫికెట్‌కు తగిన కారణం చూపాలి. గురిపోటీల రైఫిల్‌కు క్లబ్బు సభ్యత్వమే ఆ కారణం. డాక్టరు ఇచ్చే ఆరోగ్య వివరాలు, పోలీసులు ఇంటికి రావడం, గోడకు బిగించిన ఇనుప బీరువా, ఇవన్నీ ఆ తరవాతి మెట్లు. తొందరపడకండి, సభ్యులు క్లబ్బు రైఫిళ్లతోనే ఏళ్ల తరబడి కాల్చుకోవచ్చు. పిస్తోలు ఆశతో వచ్చేవారికి మాత్రం నిరాశే. 1996లో స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో పిల్లల్ని కాల్చి చంపిన ఘోరం తరవాత, 1997లో వాటిని నిషేధించారు. గాలి పిస్తోలుతో సరిపెట్టుకోవాలి.

పిల్లల సంగతి వేరు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 ఒలింపిక్స్‌లో ఈ లండన్‌లోనే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. మీ అమ్మాయి కన్ను ఆ మెట్టు మీద ఉంటే, రోజూ నిలబెట్టి నేర్పే శిక్షకుడు కావాలి. టీ తాగుతూ మోచెయ్యి సర్దే మాలాంటివాళ్లు సరిపోరు.

పెద్దవాళ్ల విషయంలో నా సలహా ఇది: ఏడాదికి రెండుసార్లు సరదా అయితే క్లే మైదానం. గురువారం సాయంత్రాలు వదులుకోగలిగితే క్లబ్బు. తేల్చుకోలేకపోతే ఒకసారి అతిథిగా వచ్చి చూడండి. కాకపోతే అతిథులను ఏడాదికి 12 రోజులే రానివ్వవచ్చు. మా క్లబ్బుకు ఈ ఏడాది ఇక రెండే మిగిలాయి, ముందే చెప్పండి.