పదేళ్లు దాటిన టాంగ్ టెస్టర్: పవర్ ఫ్యాక్టర్ దగ్గర ఎంత నమ్మొచ్చు?

హుద్‌హుద్ వచ్చిన మరుసటి ఏడు, 2015లో, పవర్ ఫ్యాక్టర్ (పీఎఫ్, అంటే లాగే వోల్ట్-ఆంపియర్లలో నిజంగా పనిచేసే వాట్ల వంతు) కూడా చూపించే ఈ టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ క్లాంప్ తగిలించి కరెంటు కొలిచే మీటరు) ఎనిమిది వేలు పెట్టి కొన్నాను. గాజువాక ఆటోనగర్ షెడ్లలో మోటార్లు, ప్యానల్ బోర్డులు చూసే పని నాది. ఇన్నేళ్లలో దీని వైర్లు మూడుసార్లు మార్చాను, మీటరు మాత్రం అదే.

వాడకం తేలికే. ఎర్ర వైరు ఫేజుకి, నల్లది న్యూట్రల్‌కి పెట్టి, క్లాంప్‌ని ఆ ఫేజుకే తగిలించాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ క్లాంప్‌లో దూరిస్తే సున్నా. క్లాంప్ మీద బాణం తిరగబడితే కిలోవాట్ల ముందు మైనస్.

ఒక షెడ్డులో పది హెచ్‌పీ మోటారు సగం పైచిలుకు లోడుతో తిరుగుతోంది. మూడు ఫేజులూ కలిపి 5 కిలోవాట్లు, ఫేజుకి 10 ఆంపియర్లు, పీఎఫ్ 0.70. పీఎఫ్ పెంచడానికి 3 కేవీఏఆర్ (కండెన్సర్ సైజు కొలత) కండెన్సర్, అంటే కెపాసిటర్, వేశాం. మళ్లీ చూస్తే అదే 0.70! "గురూ, నీ మీటరు పోయింది" అన్నాడు ఓనరు. నాకూ టెన్షన్ పట్టుకుంది. తీరా చూస్తే నేను క్లాంప్ పెట్టింది కండెన్సర్ దాటాక, మోటారు వైపు. మోటారు లాగే కరెంటు ఎప్పటిలాగే ఉంటుంది, తగ్గేది సప్లై వైపు. అటు పెడితే 0.92, ఏడున్నర ఆంపియర్లు. కిలోవాట్లు మాత్రం అవే. వాళ్ల బిల్లు కేవీఏహెచ్‌లో (వాట్ల లెక్కన కాదు, వోల్ట్-ఆంపియర్ల లెక్కన) వస్తుంది, కాబట్టి ఓనరుకి కావాల్సింది ఆ తేడాయే.

నాకు బాగా నచ్చింది, ఇది వాట్లను వోల్ట్-ఆంపియర్లతో భాగించి చెబుతుంది. డ్రైవు (వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న మోటారు దగ్గర ప్యానల్ మీది కాస్‌ఫై మీటరు 0.96 అంటే ఇది 0.71 అంటుంది. హార్మోనిక్స్ (కరెంటు అల ఆకారాన్ని చెడగొట్టేవి) సంగతి ఆ కాస్‌ఫై మీటరుకి పట్టదు మరి.

చిరాకులూ ఉన్నాయి. కరెంటు వోల్టేజీకి ముందుందా (లీడ్), వెనకుందా (లాగ్) అన్నది చెప్పదు. రాత్రి మోటార్లు ఆపేసి కండెన్సర్లు వదిలేస్తే పీఎఫ్ పడిపోయిందని మాత్రమే చూపిస్తుంది, అది లీడ్ అని చెప్పదు. రెండు ఆంపియర్ల లోపు అంకెలు ఊగుతాయి. అప్పుడు వైరుని క్లాంప్ చుట్టూ ఐదు చుట్లు తిప్పి, కరెంటునూ వాట్లనూ ఐదుతో భాగిస్తాను. పీఎఫ్‌ని భాగించక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు మన ఉప్పుగాలి. క్లాంప్ మూసుకునే చోట తుప్పు పట్టి సందు మిగులుతుంది, దాంతో పీఎఫ్ తప్పొస్తుంది. అందుకే నెలకోసారి ఇస్త్రీ పెట్టె మీద పరీక్షిస్తాను, అది వేడెక్కడం తప్ప ఇంకేం చేయదు కాబట్టి మీటరు 1.00 చూపించాలి. ఒకసారి 0.97 వచ్చింది. తుప్పు తుడిచాక సరైంది.

ఈసారి కొంటే లీడ్, లాగ్ గుర్తు ఉన్నదే కొంటాను. ఇది మా కుర్రాడికి ఇచ్చేస్తాను, ఇస్త్రీ పెట్టెతో సహా.