ట్యూబ్‌లైట్ ఆపేసుకునే లెన్స్: 50 ఎంఎం ఎఫ్/1.8తో కొన్నేళ్లు

50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ పేరెత్తగానే అందరూ చెప్పేది ఒకటే: మనిషి స్పష్టంగా, వెనకాల అంతా మసగ్గా వస్తుందని. నిజమే, వస్తుంది. ఆ మోజు ఎవరికైనా ఆర్నెల్లలో తీరిపోతుంది. తీరిపోయాక కూడా ఏళ్ల తరబడి ఈ లెన్స్ నా కెమెరా మీంచి దిగకపోవడానికి కారణం వేరే ఉంది. దీంతో గదిలో లైటు వెయ్యకుండా ఫోటో తియ్యొచ్చు. చెప్పుకోడానికి చిన్న విషయమే గానీ, మన ఇళ్లలో తీసిన ఫోటోలు సగం పాడయ్యేది ఆ లైటు వల్లే.

నాది ఏ కంపెనీదో చెప్పి లాభం లేదు. పెద్ద కెమెరా కంపెనీలన్నిటికీ ఇలాంటిదొకటి ఉంది, ఆ కంపెనీ లెన్సుల్లో బాగా చవకైన వాటిలో ఇదొకటి అయ్యుంటుంది. లోపలి అద్దాల అమరిక కొత్తదేం కాకపోవడం దీనికొక కారణం. దాన్ని డబుల్ గాస్ అంటారు. జర్మనీలో జైస్ కంపెనీకి పాల్ రుడాల్ఫ్ 1896లో చేసిన ప్లానార్ లెన్సుతో ఈ పద్ధతి స్థిరపడింది. అప్పట్నుంచీ సానపెడుతూ వచ్చిన డిజైన్ కాబట్టి తక్కువ అద్దాలతో, తక్కువ ఖర్చుతో మంచి బొమ్మ వస్తుంది.

లెక్క ఒకటి చూడండి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సుని 55 దాకా జూమ్ చేస్తే దాని కన్ను ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్/1.8 దానికంటే దాదాపు పది రెట్లు వెలుగుని లోపలికి రానిస్తుంది. అంటే కిట్ లెన్సుతో ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం, పెంచేకొద్దీ బొమ్మ గరుకవుతుంది) 6400 పెట్టాల్సిన చోట దీంతో 640 సరిపోతుంది. ఈ పది రెట్లనీ నేను బ్లర్ కోసం కంటే స్విచ్చి ఆపడానికే ఎక్కువ వాడుకున్నాను.

అమ్మ విజయనగరం దగ్గర పల్లెలో ఉంటుంది. పొద్దున్న వంట మొదలెట్టేముందు గుమ్మం పక్కన పీటేసుకుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంది. ఆ టైముకి ఎండ వాకిట్లోకి వస్తుంది గానీ గడప దాటదు. ఆ ఎండ సిమెంటు వాకిలి మీద పడి, అక్కణ్ణుంచి ఎగిరి గుమ్మంలోంచి లోపలికొస్తుంది. అందుకే వెలుగు పై నుంచి కాకుండా కిందనుంచి, పక్కనుంచి తగులుతుంది. బియ్యం తెల్లగా మెరుస్తాయి, గడ్డం కింద కాస్త కాంతి ఉంటుంది, అవతలి చెంప చీకట్లో ఉంటుంది. వేలు గింజల్ని పక్కకి జరిపిన చోట చేట అల్లిక కూడా కనిపిస్తుంది. వెనక గదంతా నలుపు.

"ఏట్రా, లైటెయ్యకుండా చీకట్లో ఏటి తీస్తావు?" అంటుంది అమ్మ. అనడమే కాదు, చేట పక్కన పెట్టి లేచి స్విచ్చి వేసేస్తుంది కూడా. ఎవరైనా కెమెరా తీస్తే లైటు వెయ్యడం ఆవిడ దృష్టిలో మర్యాద.

ఇక ట్యూబ్‌లైట్ వెలిగాక ఏమవుతుందో చూడండి. అది ఎదుటి గోడకి బాగా ఎత్తులో ఉంటుంది. గుమ్మం వెలుగు చీకట్లో వదిలేసిన చెంప మీదకి వచ్చి పడుతుంది. రెండు చెంపలూ సమానమైపోతాయి, నుదురు జిడ్డుగా మెరుస్తుంది. దాంతోపాటు గోడ మీద కేలండరూ ఇన్వర్టరూ స్విచ్చిబోర్డూ వేలాడే చార్జరూ అన్నీ ఫోటోలోకి వచ్చేస్తాయి. మనిషి అదే, పని అదే, కానీ అందులో అమ్మ పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు ఉంటుంది. లైటు ఆపితే మళ్లీ ఆ గదికి పొద్దు వస్తుంది. ఆమె తల వంచుకుని తన లోకంలో తనున్నట్టు కనిపిస్తుంది.

ఇలాంటి చోట కెమెరాని దానిష్టానికి వదిలేస్తే కుదరదు. నల్లటి గది ఎక్కువగా ఉన్న దృశ్యాన్ని చూసి, కెమెరాలో వెలుగుని కొలిచే మీటరు కంగారుపడి మొత్తాన్ని తెల్లబారుస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాపో, ఒకటిన్నరో తగ్గించి (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది), చెంప మీద వెలుగు సరిగ్గా ఉందా లేదా అన్నదొక్కటే చూసుకుంటాను. మిగతాది చీకట్లోకి పోతే పోనీ.

నీడ మరీ గట్టిగా ఉందనిపిస్తే చీకటి వైపు తెల్ల పంచె ఒకటి కుర్చీ మీద ఆరేస్తాను. గుమ్మం వెలుగు దాని మీద పడి మెత్తగా వెనక్కి తిరుగుతుంది. ఇది నేను కనిపెట్టిందేం కాదు. సత్యజిత్ రాయ్ కెమెరామన్ సుబ్రత మిత్ర 1956 నాటి 'అపరాజితో' సినిమాకి కాశీ ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్ వేసినప్పుడు, పైన తెల్ల గుడ్డ కట్టి, లైట్లని దాని మీదకి కొట్టి, ఆకాశం నుంచి దిగే నీడపట్టు వెలుగుని తెప్పించాడు. ఆయన గుడ్డ సెట్ అంత, మనది ఏడెనిమిది మూరలు. సూత్రం మాత్రం ఒకటే. మండువా లోగిలి ఇంకా మిగిలిన ఇల్లు మీకు ఎక్కడైనా దొరికితే పంచె కూడా అక్కర్లేదు. ఆ నడిమింట్లో మధ్యాహ్నం మూడింటికి మనిషిని నిలబెడితే చాలు.

ఇక్కడే ఈ లెన్సుతో నాకున్న పెద్ద తగువు కూడా చెప్పాలి. క్రాప్ సెన్సర్ కెమెరా (పాత ఫిల్ము ఫ్రేము కంటే చిన్న సెన్సర్ ఉండేది) మీద 50 ఎంఎం అంటే 75-80 ఎంఎం చూపు. ఆ అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టేది తగ్గుతుంది. మన పది బై పది గదుల్లో అది ఇరుకు. మనిషి నడుం దాకా రావాలంటే నేను వెళ్లి బీరువాకి ఆనుకోవాలి. నలుగురు కలిసి భోజనానికి కూర్చున్న దృశ్యం దీంతో పడదు. ఫ్లాట్‌లో ఉండేవాళ్లయితే, క్రాప్ కెమెరాకి 35 ఎంఎం ఎఫ్/1.8 తీసుకోవడం మేలని ఇప్పుడు అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. కాస్త ఖరీదెక్కువ కావచ్చు, కానీ గోడలు బద్దలుకొట్టక్కర్లేదు.

కార్తీక మాసంలో మాత్రం దీనికి తిరుగులేదు. తెల్లారకముందు తులసికోట దగ్గర దీపం పెట్టేవాళ్ల ముఖం మీద పడేది ఒక్క వత్తి వెలుగు. అక్కడ ఒక జానెడు తేడా కూడా ఫోటోని మార్చేస్తుంది. ముఖం దీపానికి జానెడు దూరం నుంచి మూరెడు దూరానికి జరిగితే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. దూరం రెట్టింపైతే కాంతి నాలుగు రెట్లు తగ్గుతుందని బడిలో చదువుకున్నదే. కాబట్టి ప్రమిద పెట్టి లేచి నిలబడ్డాక తియ్యడం దండగ. ఒంగి వత్తి సరిచేస్తున్నప్పుడు తియ్యాలి. ఐఎస్‌ఓ 3200, షట్టర్ 1/60 సెకను, ఎఫ్/1.8. అంత వెలుగులోనూ చేతి వేళ్ల అంచులు ఎర్రగా వెలుగుతూ వస్తాయి.

రంగు సంగతి కూడా ఉంది. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు. నూనె దీపం వెలుగు 1900 కెల్విన్ ప్రాంతంలో ఉంటుంది, పాతకాలం ఫిలమెంటు బల్బు 2700, మనం ఇళ్లలో వాడే 'కూల్ డేలైట్' ఎల్‌ఈడీ 6500. అంకె పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ పని రంగుల్ని సరిచేయడం గనక, దీపం పసుపుని కొంత తుడిచేస్తుంది. తుడిచాక మిగిలేది తెల్లటి తులసికోట, అది ఏ నెలో ఏ వేళో తెలీదు. నేను ఆటో ఆపి, వైట్ బ్యాలెన్స్ అంకెని 4000 దగ్గర పెట్టి వదిలేస్తాను. 5500 పెడితే, వెలుగు నీలంగా ఉందనుకుని కెమెరా ఇంకా పసుపు కలుపుతుంది, మరీ నారింజ రంగులో ముంచినట్టు ఉంటుంది, కొందరికి అదే ఇష్టం. ఇక్కడ లెన్స్ లోపం ఒకటి బయటపడుతుంది. పూర్తిగా తెరిచి తీస్తే మంట అంచు చుట్టూ సన్నటి ఊదారంగు గీత వస్తుంది. ఎఫ్/2.8కి మూస్తే చాలావరకు పోతుంది, కానీ అప్పుడు వెలుగు సగానికి పైగా పోతుంది. నేను ఊదారంగుకే రాజీపడ్డాను.

పెళ్లిళ్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. వీడియో వాళ్ల ఎల్‌ఈడీ ప్యానెళ్లు రెండు వైపులా నిలబడ్డాక అక్కడ అర్ధరాత్రి ముహూర్తానికీ మధ్యాహ్నం విందుకీ తేడా ఉండదు. ఒక్క హోమం దగ్గర అవకాశం దొరుకుతుంది. పొగ కళ్లల్లోకి వెళ్తుందని ప్యానెల్ పట్టుకున్న కుర్రాడు వెనక్కి జరిగిన ఆ కాసేపూ మంట వెలుగు కిందనుంచి వధూవరుల ముఖాల మీద ఆడుతుంది. పొగలో వెలుగు దారి కనిపిస్తుంది. ఆ కుర్రాడు మళ్లీ ముందుకొచ్చేలోపు రెండు మూడు దొరికితే అదృష్టం.

ఊళ్లో వెలుగు మారడం కూడా ఈ లెన్సులోంచే చూశాను. నేను విశాఖలో ఉంటాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి స్తంభాలన్నీ ఒరిగిపోయాక, మళ్లీ నిలబెట్టిన ఊళ్లో పసుపుపచ్చ సోడియం దీపాలు పోయి తెల్ల ఎల్‌ఈడీలు వచ్చాయి. సోడియం కింద ఎర్ర చీరా నీలం చొక్కా రెండూ గోధుమరంగే, మనుషుల్ని తీయాలంటే విసుగొచ్చేది. కానీ వానాకాలం రాత్రి తడిసిన రోడ్డు మీద ఆ పసుపు పొడుగ్గా సాగి పడుతుంటే ఊరంతా ఇంటికెళ్లే తొందరలో ఉన్నట్టు ఉండేది. ఇప్పుడు రంగులు సరిగ్గా కనిపిస్తున్నాయి. కరెంటు ఖర్చూ తక్కువ, నడిచేవాళ్లకి భయమూ తక్కువ. ఫోటో కోసం పాత దీపాలే ఉండాల్సిందని అనను. అయితే ఆ పసుపు కావాలంటే ఇప్పుడు వీధి దీపాన్ని నమ్ముకోలేం, కొట్లని వెతుక్కోవాలి.

పూర్ణా మార్కెట్ వైపు సాయంత్రం వెళ్తే అది దొరుకుతుంది. పూల కొట్టులో పసుపు బల్బు ఉంటే బంతిపూల రాశి మండిపోతున్నట్టు ఉంటుంది. పక్క కొట్టులో తెల్ల బల్బు కింద అదే బంతి పాలిపోయి, మల్లెలు మాత్రం నీళ్లు చల్లినట్టు తాజాగా కనిపిస్తాయి. వ్యాపారం చేసేవాళ్లకి ఇది మనకంటే బాగా తెలుసు. ఒకావిడని "బల్బు మార్చారేటమ్మా?" అంటే, "తెల్ల లైటుకి పువ్వు వాడినట్టు కనబడతాది బాబూ" అంది.

చవక ఎల్‌ఈడీల కింద ఒక జాగ్రత్త. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది కాబట్టి ఆ బల్బులు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలీదు. 1/500లో తీస్తే ఫోటోలో అడ్డంగా నల్లచారలు పడతాయి. 1/100 గానీ 1/50 గానీ పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు అని అడుగుతారు. నేనూ ఫోన్‌తోనే ఎక్కువ తీస్తాను. కానీ నైట్ మోడ్ పని చీకట్లో కూడా అన్నీ కనిపించేలా చెయ్యడం. చాలా ఫ్రేములు కలిపి నీడల్ని పైకి లేపుతుంది. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి చుట్టూ చేరిన పిల్లల్ని ఫోన్‌తో తీస్తే, వెనక అల్మరాలో పుస్తకాల పేర్లు కూడా చదువుకోవచ్చు. ఆ పిల్లలు దయ్యాల కథలు చెప్పుకుంటున్నారని మాత్రం ఎవరికీ తెలీదు. ఫోన్‌లో కూడా నైట్ మోడ్ ఆపి, స్క్రీన్ మీద వెలుగు ఉన్నచోట తాకి, సూర్యుడి గుర్తుని కిందకి జరిపితే కొంతవరకు దారికొస్తుంది. లెన్స్ కొనే ముందు ఓ నెలరోజులు ఇది చేసి చూడండి, ఖర్చేం లేదు.

మిట్టమధ్యాహ్నం ఈ లెన్స్ దాదాపు దండగ. ఎండలో ఎఫ్/1.8 పెడితే మామూలు కెమెరాల 1/4000 షట్టర్ కూడా చాలదు, బొమ్మ తెల్లబారిపోతుంది. పందిరి కిందకి వెళ్లడమే. తాటాకుల సందుల్లోంచి నేల మీద పడే గుండ్రటి మచ్చలు చూశారా? సందులు ఏ ఆకారంలో ఉన్నా మచ్చలు గుండ్రంగానే ఉంటాయి, ఎందుకంటే అవి సూర్యుడి ప్రతిబింబాలు. సూర్యగ్రహణం రోజు అవన్నీ నెలవంకలైపోతాయి.

మిగతా ఫిర్యాదులు: చీకట్లో ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది, దీపం అంచు మీద పెడితే కుదురుకుంటుంది. చేతి వణుకుని ఆపే ఏర్పాటు లేదు. చుట్టూ ఉండే రింగు వదులుగా, ఆటబొమ్మ రింగులా తిరుగుతుంది.

సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకి అసలు టెన్షన్ ఫంగస్. వానాకాలంలో బీరువాలో వదిలేస్తే అద్దాల లోపల సన్నటి పోగులు అల్లుకుంటాయి. అవి పట్టాక ఎదురు వెలుగులో తీసిన ప్రతి ఫోటో మీదా పల్చటి తెర కప్పినట్టు ఉంటుంది. మూత గట్టిగా పడే డబ్బాలో తేమ పీల్చే సిలికాజెల్ వేసి పెట్టండి, జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడొచ్చు. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, పిండి దుమ్మంతా లెన్సులోకి వెళ్తుంది. సెకండ్‌హ్యాండ్‌ది కొంటున్నట్టయితే రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడండి. చిన్న చిన్న దుమ్ము కణాలుంటే పర్వాలేదు. సాలెగూడు లాంటిది కనిపిస్తే మాత్రం ఎంత తక్కువకి ఇస్తానన్నా తీసుకోకండి.