డ్వార్ఫ్ ఫోర్ట్రెస్: స్ట్రేంజ్ మూడ్ కోసమే ఇంకా ఆడుతున్నా

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అంటే డ్వార్ఫ్‌ల (మరుగుజ్జుల) చేత కోట కట్టించి నడిపించే కంప్యూటర్ ఆట. టార్న్, జాక్ ఆడమ్స్ అన్నదమ్ములు 2006లో మొదట విడుదల చేసి అప్పట్నుంచి దీన్ని పెంచుతూనే ఉన్నారు, 2022 డిసెంబర్‌లో బొమ్మలతో, మౌస్‌తో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోకి వచ్చింది, నేర్చుకోవడం కష్టం, ఇవన్నీ ఈపాటికి మీకు తెలిసే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్క స్ట్రేంజ్ మూడ్ గురించే, అంటే డ్వార్ఫ్‌లకి ఉన్నట్టుండి వచ్చే పూనకం గురించే. ఇన్నాళ్లు ఆడాక కూడా ఒక డ్వార్ఫ్ తల మీద ఆ ఆశ్చర్యార్థకం మెరిసిందంటే చేతిలో పని ఆపేసి మరీ చూస్తా.

కోటలో జనం ఇరవై దాటాక ఎప్పుడో ఒకప్పుడు ఒకడికి పూనకం వస్తుంది. చేస్తున్న పని అక్కడే వదిలేసి ఒక వర్క్‌షాప్ ఆక్రమించుకుంటాడు, ఇంకెవర్నీ రానివ్వడు, తిండి లేదు, తాగుడు లేదు, నిద్ర లేదు. తనకి కావాల్సినవి ఒక్కొక్కటే తెచ్చుకుంటాడు, అన్నీ దొరికితే ప్రపంచంలో ఇంకోటి లేని వస్తువు చేసి దానికి పేరు కూడా పెడతాడు. దొరక్కపోతే కొన్నాళ్లకి పిచ్చెక్కుతుంది. ఒకడు దిగులుతో కృశించి పోతాడు, ఇంకొకడు పక్కనున్న వాళ్ల మీదే పడి చంపుతాడు. మనం చేయగలిగింది వాడికి ఏం కావాలో కనిపెట్టి అందుబాటులో ఉంచడమే. ఆజ్ఞలిచ్చే ఆటలు చాలా ఉన్నాయి గానీ, ఒక మనిషి కోసం కోట మొత్తం ఊపిరి బిగబట్టి ఎదురుచూసేది నాకు ఇందులోనే దొరికింది.

నా మనసులో నిలిచిపోయింది ఒకటుంది. వలస వచ్చిన వాళ్లలో ఒకామె, రాతి బొమ్మలు చెక్కేది, ఎప్పుడూ ఎవరి కంటా పడేది కాదు. ఆమెకి మూడ్ వచ్చింది, అందులోనూ సీక్రెటివ్ రకం, అంటే ఏం కావాలో నోటితో చెప్పదు, బొమ్మలు గీస్తుంది. క్రాఫ్ట్ వర్క్‌షాప్‌లో కూర్చుంది, రాయి తెచ్చుకుంది, సానబట్టిన రత్నం తెచ్చుకుంది, ఆ తర్వాత కదల్లేదు. క్లిక్ చేస్తే గుడ్డలు పేర్చినట్టు గీస్తోంది అని వచ్చింది. గుడ్డకి మా దగ్గర కొదవేముంది, భూమి లోపల పండించే పిగ్ టెయిల్ నారతో నేసిన బట్ట గోదాం నిండా ఉంది, కానీ ఆమె దాన్ని ముట్టుకోలేదు. అంటే పట్టు అయినా కావాలి, ఉన్ని అయినా కావాలి, ఆ రెండిట్లో ఏదో మాత్రం ఆట చెప్పదు. మా దగ్గర గొర్రెలు లేవు. డ్వార్ఫ్‌ల కారవాన్ (సరుకులు తెచ్చే వర్తకుల బృందం) శరదృతువులో గానీ రాదు, అప్పటిదాకా ఈమె నిలబడుతుందన్న నమ్మకం లేదు.

మిగిలింది కింద గుహలే, అక్కడ సాలెగూళ్లుంటాయి, వాటి దారాన్ని మగ్గం మీద నేస్తే పట్టు. మొదటి గుహకి దారి గోడ కట్టి మూసేసి ఉంది, ఎందుకంటే అక్కడ జెయింట్ కేవ్ స్పైడర్ అనే రాకాసి సాలీడు తగిలిందంటే దూరం నుంచే గూడు విసిరి కట్టేస్తుంది, కరిస్తే ఒళ్లు చచ్చుబడిపోతుంది. అయినా గోడ తీయించా, సైనికుల్ని ముందు నిలబెట్టి నేతపనివాణ్ణి వెనక పంపించా. వాడు దారం పట్టుకుని వెనక్కి నడుస్తుంటే నా కళ్లు స్క్రీన్ మీద నుంచి కదల్లేదు. ఏదీ రాలేదు. గోడ మళ్లీ కట్టేశాం, మగ్గం మీద ఒక తాను నేశారు, అది అలా దిగిందో లేదో ఆమె వచ్చి పట్టుకుపోయింది!

చేసింది ఒక రాతి కడియం. దాని వర్ణన చదివాక నాకు నోట మాట రాలేదు. ఏ పట్టు కోసమైతే అంత తంటాలు పడ్డామో ఆ పట్టుతోనే దాని మీద ఒక బొమ్మ వేసింది, ఆ బొమ్మ మా కోట స్థాపన. కోట మొదలుపెట్టిన మొదటి ఏడుగురు డ్వార్ఫ్‌లు బండి దింపిన రోజు ఆమె అక్కడ లేదు, తర్వాతెప్పుడో వచ్చింది, అయినా ఆమె చేతిలోంచి వచ్చింది ఆ కథే. దాన్ని భోజనాల హాల్లో పీఠం మీద పెట్టించా, అటు వెళ్లేవాళ్లు ఆగి చూసి సంతోషపడుతుంటే నాకూ అంతే సంతోషం.

ప్రతిసారీ ఇలా జరుగుతుందని మాత్రం అనుకోకండి. ఇంకో కోటలో అంతే కష్టపడితే వచ్చిన వస్తువు మీద ఉత్త త్రిభుజాలున్నాయి. పొసెస్డ్ రకం (ఏదో ఆత్మ పట్టినట్టుండే) మూడ్ అయితే వస్తువు వస్తుంది గానీ వాడి నైపుణ్యం పెరగదు, మిగతా రకాల్లో లెజెండరీ, అంటే ఆ పనిలో ఆరితేరినవాడు, అయిపోతాడు. ఇంకా, కొన్ని కోటలు కట్టాక సామాన్ల సంగతి మనకే తెలిసిపోతుంది, నార, ఉన్ని, పట్టు మూడూ తలా కాస్త, తోలు, ఎముకలు, చిప్పలు ముందే దాచేస్తాం, దాంతో ఆ ఉత్కంఠ మొదట్లో ఉన్నంత ఉండదు. చిప్పల విషయంలో అయితే నాకిప్పటికీ చిరాకే, తాబేళ్లో ఆల్చిప్పలో దొరికే నీళ్లు లేని చోట దిగితే ఎక్కణ్ణుంచి తేవాలి?

కొనాలా అంటే, నా పరిస్థితి చెప్తా, మీది మీరు చూసుకోండి. నాకు రాత్రి పిల్లలు పడుకున్నాక గంటో గంటన్నరో దొరుకుతుంది, ఒక కోట నెలల తరబడి సాగినా ఇబ్బంది లేదు. లాప్‌టాప్ పాతది, జనం పెరిగే కొద్దీ అందరి నడక దారులూ లెక్కేయలేక నెమ్మదిస్తుంది, అందుకని సెట్టింగ్స్‌లో జనాభా 80కి కట్టేసుకున్నా, 200 మందితో మహానగరం కట్టాలనుకునేవాళ్లకి నా మాట పనికిరాదు. ఆట నిండా ఇంగ్లీషు చదవాలి, చదవడం విసుగైతే ఆ కడియం లాంటివి మీకు కనపడవు. అనుమానంగా ఉంటే బొమ్మల్లేని క్లాసిక్ వెర్షన్ ఉచితమే, ముందు అది దింపుకుని ఒక్క మూడ్ వచ్చేదాకా ఆడి చూడండి, డబ్బుల సంగతి తర్వాత.